ఒక్క ఆకు రాలితే బ్యారన్ బుగ్గి

పొయ్యి రాజేసే ముందే గొట్టాలు చూసుకోవాలి; చివరి రెండు రాత్రులు మరీ జాగ్రత్త

కొండపి : పొగాకు బ్యారన్ తగలబడిందన్న కబురు క్యూరింగ్ రోజుల్లో ఏదో ఒక ఊరి నుంచి వినబడుతూనే ఉంటుంది. నెలల తరబడి చేలో పెట్టిన పెట్టుబడి, ఇంటిల్లిపాదీ చేసిన చాకిరీ, బ్యాంకులోనూ బయటా తెచ్చిన అప్పు, అన్నీ ఆ నాలుగు గోడల మధ్య కర్రలకు వేలాడుతూ ఉంటాయి. మంట లేచిందంటే ఆర్పడానికి వ్యవధి ఉండదు. ఫైరింజను పట్నంలో బయలుదేరి చేల గట్ల వెంట దారి వెతుక్కుంటూ వచ్చేసరికి మొండిగోడలు, వంకరపోయిన రేకు గొట్టాలు మిగులుతాయి.

ఇటువంటి ప్రమాదం జరిగినప్పుడు ఖర్మ అని కొందరు, కిట్టనివారి పని అని కొందరు అనుకోవడం పరిపాటి. కానీ బ్యారన్లు తగలబడటానికి ఎక్కువగా ఉండే కారణాలు నాలుగైదే. వాటిలో చాలావరకు పొయ్యి రాజేయక ముందే సరిచూసుకోదగినవి. ఖర్చు కూడా పెద్దది కాదు. ఒక పూట పని, బుట్టెడు బంకమట్టి, కొంచెం ఇనుప జాలీ, రాత్రిపూట మేలుకొని ఉండే రెండో మనిషి. వీటిలో లోపం జరిగిన చోటనే నిప్పు దారి చేసుకుంటోంది.

గోడల లోపల వేడి, గోడ బయట మంట

టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి, కనిగిరి మొదలుకొని అటు జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి వరకు వర్జీనియా పొగాకు పండే ఊళ్లలో బ్యారన్ తెలియని వారుండరు. పదహారడుగుల పొడవు, అంతే వెడల్పు గల ఎత్తయిన గదులు ఎక్కువగా కనిపిస్తాయి. లోపల అడ్డంగా వాసాల వరుసలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. కూలీలు పచ్చి ఆకును కర్రలకు అల్లి, ఆ కర్రలను పైవరుస నుంచి కిందికి పేర్చుకుంటూ వస్తారు.

పొయ్యి నోరు గోడ బయట ఉంటుంది. అందులో కట్టెలు మండితే ఆ వేడి, పొగ లావుపాటి రేకు గొట్టాల గుండా గది నేల చుట్టూ తిరిగి, చివరకు పొగగొట్టం ద్వారా బయటికి పోతాయి. అంటే ఆకుకు తగలవలసింది గొట్టం వేడి మాత్రమే. మంట తగలకూడదు, పొగ తగలకూడదు, నిప్పురవ్వ తగలకూడదు. బ్యారన్ కట్టడంలోని కిటుకంతా ఈ మూడింటిలోనే ఉంది. పొగ తగిలిన ఆకుకు కమురు వాసన పట్టి వేలంలో ధర పడిపోతుంది. నిప్పు తగిలితే వేలం దాకా పోయే పనే ఉండదు.

గుంటూరు ప్రాంతంలో 1920ల నాటికే వర్జీనియా పొగాకు అడుగుపెట్టింది. తరువాత 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడ్డాయి. విత్తనం మారింది, ఎరువు మారింది, అమ్మకం వేలంపాటలోకి వచ్చింది. అయినా కట్టెల పొయ్యి, రేకు గొట్టం, వాటికి మీదుగా వేలాడే ఎండుటాకు మాత్రం చాలాచోట్ల ఆనాటి పద్ధతిలోనే సాగుతున్నాయి. అందుచేత ప్రమాదమూ ఆనాటిదే.

ఆరు రోజుల ప్రయాణం

వంద కిలోల పచ్చి ఆకు బ్యారన్‌లోకి వెళ్తే బయటికి వచ్చేది సుమారు పదిహేను కిలోలు. మిగిలినదంతా నీరే. ఆ నీటిని అయిదారు రోజుల్లో, ఆకు రంగు చెడకుండా బయటికి పంపడమే క్యూరింగ్.

మొదటి ఒకటిన్నర రెండు రోజులు ఆకు పసుపు పచ్చబడే దశ. వేడి 95 నుంచి 105 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటే చాలు. గదిలో తేమ నిండుగా ఉంటుంది. ఆ సమయంలో గొట్టం మీద ఆకు పడినా వెంటనే అంటుకోదు. తరువాత కొద్దికొద్దిగా వేడి పెంచి, కిటికీలు తెరిచి తేమను వదులుతూ రంగు నిలుపుతారు. ఆ పైన ఆకు రెక్క ఎండుతుంది. చివరిది ఈనె ఎండే దశ. అప్పుడు వేడి 160 డిగ్రీల దాకా పోతుంది. లావుపాటి ఈనెలోని తేమ పోయేవరకు ఆ వేడిని నిలబెట్టాలి.

అసలు గండం ఇక్కడే ఉంది. చివరి దశ వచ్చేసరికి మూడు సంగతులు ఒకేసారి కలుస్తాయి. ఆకు గలగలలాడేటంతగా ఎండిపోయి ఉంటుంది. గొట్టాలు ముందెన్నడూ లేనంతగా కాలి, పొయ్యి పక్కనున్న భాగం కొన్నిసార్లు ఎర్రబడుతుంది. పొయ్యి దగ్గరి మనిషి అప్పటికి నాలుగైదు రాత్రులుగా సరైన నిద్ర లేక తూగుతుంటాడు. మొదటి రోజున ఏమీ కాని పొరపాటు అయిదో రాత్రి బ్యారన్‌ను బుగ్గి చేస్తుంది. ఇంతవరకూ ఏమీ కాలేదు గదా అన్న ధీమా ఆ రాత్రి పనికిరాదు.

నిప్పు ఎక్కడ పుడుతుంది

అన్నిటికంటె ముఖ్యమైనది గొట్టం మీద రాలే ఆకు. అల్లకం వదులుగా ఉంటే ఆకు ఎండి సన్నబడిన కొద్దీ దారంలోంచి జారుతుంది. దారం పుచ్చిపోయి ఉంటే కర్ర కర్రంతా ఊడిపడుతుంది. గొట్టం మీద పడిన ఎండుటాకు ముందు నల్లబడి, తరువాత నిప్పుగా మారుతుంది. పైకి లేచే వేడిగాలికి ఆ నిప్పు ముక్క ఎగిరి కింది వరుసకు తగిలితే, నిమిషాల్లో మంట పైవరుస దాకా పాకుతుంది.

రెండవది గొట్టాల తుప్పు. సీజను ముగిశాక వానాకాలమంతా బ్యారన్ ఖాళీగా ఉంటుంది. నేల చెమ్మకు గొట్టం అడుగుభాగం తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. పైనుంచి చూస్తే బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. చేత్తో తడిమి, చిన్న కర్రతో తట్టి చూస్తే గాని బండారం బయటపడదు. ఆ చిల్లులో నుంచి రవ్వలు గదిలోకి వస్తాయి.

మూడవది ముందటి బ్యారన్ తాలూకు చెత్త. ఒక కాపు దించి మరొక కాపు ఎక్కించే తొందరలో గొట్టాల సందుల్లో, మూలల్లో రాలిన ఆకు ముక్కలు, దారపు పోగులు అలాగే ఉండిపోతాయి. కొత్త ఆకు పచ్చిగా ఉన్నా, కింద ఉన్న పాత చెత్త మాత్రం నిప్పుకు సిద్ధంగానే ఉంటుంది.

నాలుగవది పొగగొట్టం నుంచి ఎగిరే రవ్వలు. వేడి పోకుండా కప్పు మీద పరిచిన గడ్డి, పక్కనే ఉన్న అల్లకపు తాటాకు పందిరి, కట్టెల మోపులు ఇందుకు గురి అవుతాయి. ఫిబ్రవరి దాటి గాలులు మొదలయ్యాక ఈ ముప్పు పెరుగుతుంది.

అయిదవది పొయ్యి నోటిలో నుంచి బయటికి వెళ్లుకొచ్చే పొడుగాటి దుంగలు. నరికించే కూలి కలిసొస్తుందని నిలువు దుంగలను పొయ్యిలోకి తోసి, కాలినకొద్దీ ముందుకు నెట్టడం చాలాచోట్ల అలవాటు. మనిషి కునుకు తీస్తే ఆ దుంగ వెంబడే నిప్పు బయటికి నడిచి వస్తుంది. పొయ్యి ముందున్న చితుకులు, పక్కనున్న కట్టెల మోపు, ఆ తరువాత పందిరి వరుసగా అంటుకుంటాయి.

గొట్టాలు ఎలా అమర్చాలి

పొయ్యిని ఆనుకొని ఉండే మొదటి గొట్టానికి వేడి అన్నిటికంటె ఎక్కువ. కాబట్టి అది మిగిలిన వాటికంటె మందమైన రేకుతో ఉండాలి. పాత గొట్టాలలో బాగున్న దానిని తెచ్చి అక్కడ బిగించడం పొదుపు అనిపించినా, చివరకు అదే కొంప ముంచుతుంది.

గొట్టాలు పొయ్యి నుంచి పొగగొట్టం వైపు కొద్దికొద్దిగా ఎత్తుకు పోవాలి. ఎక్కడైనా పల్లం పడితే పొగ ఆగి, మసి పేరుకొని, మంట వెనక్కు కొడుతుంది. అతుకు దగ్గర ఒక గొట్టం మరొకదానిలోకి బాగా దిగి ఉండాలి. ఆ అతుకు చుట్టూ బంకమట్టి మెత్తి ఆరనివ్వాలి. గొట్టాలను ఇటుక దిమ్మెల మీదగాని ఇనుప కాళ్ల మీదగాని నిలపాలి. కర్రమొద్దులు ఆధారంగా పెట్టకూడదు.

గొట్టం గోడలో నుంచి వచ్చేచోట పైన కర్ర దూలం ఉండరాదు. అక్కడ రాయిగాని ఇటుకగాని పెట్టాలి. ఇనుము కాలితే సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. అందుకే గొట్టం చుట్టూ గోడలో కాస్త సందు వదిలి, దానిని మట్టితో పూడుస్తారు. సిమెంటుతో బిగిస్తే ఏదో ఒక రోజు గోడైనా పగులుతుంది, గొట్టమైనా చీలుతుంది.

మొదటి గొట్టానికి సరిగ్గా పైనున్న వాసాలను ప్రత్యేకంగా చూడాలి. ఏళ్ల తరబడి వేడి తగిలిన కర్ర లోలోపల మాడిపోయి, మామూలు కర్ర కంటె తేలికగా అంటుకుంటుంది. గోటితో గీస్తే నల్లగా పొడి రాలే వాసాన్ని తీసేసి కొత్తది వేయడం మంచిది. కింది వరుసకు, గొట్టాలకు మధ్య మనిషి నిలబడి నడిచేంత ఎడం ఉండాలి. ఆకు ఎక్కువగా వచ్చిన రోజున ఇంకొక వరుస కిందికి వేలాడదీయడం ఈ ఎడాన్ని మింగేస్తుంది. ఆ ఒక్క వరుస ఆకు కోసం బ్యారన్ మొత్తాన్ని పణం పెట్టినట్లే.

గొట్టాలకు మీదుగా ఇనుప జాలీ పరిస్తే రాలిన ఆకు అక్కడే ఆగిపోతుంది. జాలీ గొట్టాన్ని తాకకుండా తగినంత ఎత్తులో ఉండాలి. కాపు దించిన ప్రతిసారీ దాని మీది ఆకును ఊడ్చివేయాలి. ఊడ్చని జాలీ వల్ల మేలు కంటె కీడే ఎక్కువ.

పచ్చగడ్డితో పరీక్ష

అతుకులు సరిగా ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. ఆకు ఎక్కించక ముందు పొయ్యిలో కొద్దిగా మంట వేసి, దాని మీద తడి గడ్డిగాని పచ్చి రొట్టగాని వేస్తే దట్టమైన పొగ లేస్తుంది. పొగగొట్టం పైభాగాన్ని కాసేపు గోనెపట్టాతో సగం మూస్తే, చిల్లులున్న చోటల్లా పొగ గదిలోకి చిమ్ముతుంది. తలుపు బార్లా తీసి, గుమ్మం దగ్గర నిలబడి చూస్తే ఆ చోట్లు తెలుస్తాయి. సున్నంతో గుర్తు పెట్టుకొని, పొయ్యి చల్లారాక మట్టి మెత్తుకోవచ్చు. గంట పని. పొగ వాసన వల్ల ధర తగ్గే బెడద కూడా దీనితో తప్పుతుంది.

గొట్టాల్లో, పొగగొట్టంలో పేరుకున్న మసిని సీజనుకు ముందు ఒకసారి, మధ్యలో కూడా వీలైనన్ని సార్లు దులపాలి. మసి కూడా మండే వస్తువే. పొగగొట్టంలో అది అంటుకుంటే పైనుంచి నిప్పుల వాన కురుస్తుంది. గొట్టం మూతికి కట్టే రవ్వల జాలీ మసితో మూసుకుపోతుంది గనుక దానిని కూడా చూస్తుండాలి.

కట్టె ఆరితేనే కలిసివస్తుంది

కట్టెల పొయ్యి మీద కిలో పొగాకు తయారు కావడానికి నాలుగైదు కిలోల కట్టె కాలుతుందని లెక్క. కట్టె ధర పెరిగినకొద్దీ రైతు పచ్చి కట్టెకు, వేళ్ల మొద్దులకు దిగుతున్నాడు. చవకగా వచ్చినా పచ్చి కట్టె లాభం కాదు. దానిలోని నీరు ఆవిరి కావడానికే కొంత మంట ఖర్చవుతుంది. పొగ, మసి, జిగురు ఎక్కువై గొట్టాలు పూడుకుపోతాయి. వేడి చాలక మనిషి ఇంకొంచెం ఇంకొంచెం అని కట్టె ఎగదోస్తాడు. ఆ కట్టె ఆరి ఒక్కసారిగా అందుకునే సరికి వేడి అదుపు తప్పుతుంది.

సరివి, తుమ్మ, జామాయిలు, ఏదైనా సరే, ముందుగానే కొని చీల్చి ఎండబెట్టినది పొదుపుగా, నిలకడగా మండుతుంది. పొయ్యిలో ఇమిడేంత పొడవుకే నరికించాలి. ఒకేసారి నిండా కుక్కే కంటె కొద్దికొద్దిగా వేస్తూ థర్మామీటరు చూసుకోవడం మేలు. మోపులను పొయ్యి ముందు నుంచి, గాలి వీచే దిక్కు నుంచి దూరంగా పేర్చాలి. రాత్రికి కావలసినంత మాత్రమే దగ్గర ఉంచుకోవాలి. పొయ్యి తొందరగా అందుకోవాలని కిరసనాయిలు, పెట్రోలు పోయడం ప్రాణాంతకం.

మేలుకొని ఉండేదెవరు

పగలు బ్యారన్ చుట్టూ సందడి ఉంటుంది. ఆకు రెలిచే వారు, మోసేవారు, పందిరి కింద అల్లే ఆడవాళ్లు, చంకన పిల్లలు. పొద్దు గూకితే ఒక్క మనిషి మిగులుతాడు. పక్కన ఒక దుప్పటి, ఒక లైటు, ఒక థర్మామీటరు. గంట గంటకూ కట్టె వేయాలి, వేడి చూడాలి, కిటికీ సరిచేయాలి. చాలాచోట్ల అదే మనిషి పగలు ఆకు ఎక్కించే పనిలోనూ ఉంటాడు.

బంగారు రంగు పొగాకు పుట్టుకకు కూడా ఒక కాపలా మనిషి నిద్రే కారణమని చెబుతారు. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో, క్యాస్వెల్ కౌంటీలో, 1839లో స్లేడ్ అనే ఆసామి పొలంలో స్టీఫెన్ అనే బానిస పొగాకు కొట్టుకు కాపలా ఉంటూ కునుకు తీశాడట. లేచేసరికి మంట చల్లారిపోయింది. కంగారుపడి కమ్మరి కొలిమి దగ్గరి బొగ్గులు తెచ్చి వేస్తే, ఆ ఎక్కువ వేడికి ఆకు ఎన్నడూ లేని పసిమి రంగు తేలింది. అక్కడ కలిసివచ్చిన నిద్ర ప్రతి చోటా కలిసిరాదు. ఆనాడు మంట చల్లారింది గనుక సరిపోయింది. అదే మంట పైకి లేచి ఉంటే ఆ కథ చెప్పుకోవడానికి ఏమీ మిగిలి ఉండేది కాదు.

రాత్రి కాపలాకు ఇద్దరుండాలి, సగం రాత్రి ఒకరు, సగం రాత్రి ఒకరు. అన్ని రోజులూ వీలుకాకపోయినా, ఈనె ఎండే చివరి రెండు రాత్రులైనా ఈ ఏర్పాటు తప్పదు. రెండో మనిషి కూలి భారమని రైతు వెనుకాడుతున్నాడు. కాపలా మనిషిని పగలు పనికి పిలవకుండా పడుకోనిస్తే ఆ భారం కొంత తగ్గుతుంది. పక్కపక్క బ్యారన్ల వారు కలిసి ఒక మనిషిని పెట్టుకున్నా సరిపోతుంది.

బ్యారన్ లోపల, పొయ్యి పక్కన పిల్లలను పడుకోబెట్టరాదు. చలికి వెచ్చగా ఉంటుందని మనుషులు గుమ్మంలో నిద్రపోవడం కూడా ప్రమాదమే. అతుకుల్లో నుంచి కారే పొగలో రంగు, వాసన లేని విషవాయువు ఉంటుంది. నిద్రలో ఉన్నవాడికి అది తెలియదు. లోపలికి వెళ్లినవారికి తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్లుండటం వంటివి కనిపిస్తే వెంటనే బయటి గాలికి రావాలి. బీడీ, చుట్ట, కిరసనాయిలు బుడ్డి తలుపు దాటి లోపలికి పోకూడదు.

మంట కనిపిస్తే

మాడు వాసన వచ్చినా, కిటికీ సందున వెలుగు కనిపించినా గాభరాగా తలుపు తెరవడం సహజం. అదే పెద్ద పొరపాటు. తలుపు తెరవగానే బయటి గాలి లోపలికి దూరి, మిణుకుమిణుకుమంటున్న నిప్పు భగ్గుమంటుంది. ఎదురుగా ఉన్న మనిషి మీదికే మంట వస్తుంది. తలుపు, కిటికీలు అన్నీ మూసివేసి లోపలికి గాలి అందకుండా చేయాలి. పొయ్యి నోటిని కూడా రేకుతో మూయాలి. అదే సమయంలో 101కు ఫోను చేసి, ఊరి పేరుతో పాటు ఇంజను వచ్చే దారి, మలుపు దగ్గర నిలబడే మనిషి గుర్తు చెప్పాలి.

ఎర్రగా కాలిన గొట్టం మీద నీళ్లు కుమ్మరిస్తే వేడి ఆవిరి ముఖం మీదికి కొడుతుంది, రేకు చీలుతుంది. నీళ్లను ముందు పందిరి మీద, కట్టెల మోపు మీద, పక్క బ్యారన్ కప్పు మీద చల్లి మంట పాకకుండా చూడాలి. నాలుగు కర్రల ఆకు దక్కించుకోవాలని లోపలికి దూకినవారు పైనుంచి కూలే వాసాల కింద చిక్కుకుంటారు. ఆకు మళ్లీ పండుతుంది, మనిషి తిరిగి రాడు. రెండు డ్రముల నీళ్లు, నాలుగు బకెట్ల ఇసుక, పొడవాటి కొక్కెం కర్ర, నిచ్చెన సీజను మొదలయ్యే రోజునే సిద్ధంగా ఉండాలి.

కౌలుదారుకు రెండింతల దెబ్బ

బ్యారన్ కాలితే యజమానికి కట్టడం పోతుంది. కౌలుకు తీసుకున్న రైతుకు ఆకు పోతుంది, కౌలు పోతుంది, అప్పు మాత్రం ఉంటుంది. పాత గొట్టాలు మార్చే ఖర్చు ఎవరిదన్న తగాదాలో ఇద్దరూ మిన్నకుండటం వల్లనే తుప్పు గొట్టాలు ఏడాది తరువాత ఏడాది నెట్టుకొస్తున్నాయి. బేరం కుదుర్చుకునే రోజునే ఇద్దరూ కలిసి పొగ పరీక్ష చేసి, మరమ్మతు ఎవరిదో కాగితం మీద రాసుకుంటే ఆ తగాదా ఉండదు. బీమా ఉన్నవారు అది కట్టడానికేనా, లోపలి ఆకుకు కూడా వర్తిస్తుందా అన్నది ముందుగానే అడిగి తెలుసుకోవాలి. కాలిన తరువాత కాగితాలు తిరగేస్తే ఫలితం ఉండదు.

క్యూరింగ్ ముగిశాక కూడా పని ఒకటి మిగిలి ఉంటుంది. మంట ఆపి, తలుపులు తెరిచి, ఆకు తేమ పీల్చుకొని మెత్తబడ్డాకనే దించాలి. గలగలలాడుతుండగా దించితే ఆకు విరిగి నష్టం, విరిగిన ముక్కలు వేడి గొట్టాల మీద పడితే ప్రమాదం. ఆఖరి కర్ర దించి, గొట్టాలు ఊడ్చి, పొయ్యిలో బూడిదపై నీళ్లు చల్లిన తరువాతనే ఆ కాపు పూర్తయినట్లు. అంతవరకు పొయ్యి దగ్గరి మనిషికి సెలవు లేదు.